ఊళ్లో మెకానిక్ ఉండాలి

కొత్త కంప్యూటర్ కొంటున్నామని ఎవరన్నా వెంటనే వారంటీ మాట వస్తుంది. ఏడాదేనా, మూడేళ్లు ఇస్తారా, ఇంకొంచెం కడితే పెంచుతారా అని అడుగుతారు. అడగాల్సిందే. నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లకు మాత్రం ఇంకో ప్రశ్న కూడా వేసుకోమని చెబుతాను. ఇది ఆగిపోతే విప్పి చూడగల మనిషి మనకు ఎంత దూరంలో ఉన్నాడు? దానికి సరైన జవాబు లేకపోతే, వారంటీ ఎన్నేళ్లదైనా నా లెక్కలో దాని విలువ సగానికి పడిపోతుంది.

నేను గుంటూరులో పన్నుల లెక్కలు చూసేవాణ్ణి. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులు, పట్నంబజారులో హోల్‌సేల్ షాపులవాళ్లు, కొన్ని కోల్డ్ స్టోరేజీలవాళ్లు నా దగ్గర పని చేయించుకుంటారు. మా పనిలో తేదీ దాటిందంటే డబ్బు పోయినట్టే. నెల 11లోపు జీఎస్టీఆర్-1 వెళ్లాలి, 20లోపు 3బి వెళ్లాలి. 3బి ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. అది కట్టేస్తే తీరిపోతుంది. జీఎస్టీఆర్-1 ఆలస్యమైతే మాత్రం సరుకు కొన్నవాడికి ఆ నెల క్రెడిట్ కనపడదు. అతను మా వ్యాపారికి ఫోన్ చేస్తాడు, మా వ్యాపారి నాకు చేస్తాడు. బజారులో మాట పోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి సరుకు దిగే రోజులుంటాయి. తెల్లవారుజామున సరుకుతో దిగిన రైతు అమ్మకం లెక్క రాసిన పట్టీ చేతికందితేగానీ ఊరికి బయల్దేరడు. ఆ పట్టీ కంప్యూటర్లోంచే రావాలి. అలాంటి రోజున మెషీన్ ఆగి, ఏడు నుంచి పది పనిదినాలు పడుతుందని ఫోన్లో జవాబు వస్తే వ్యాపారికి కాళ్లూ చేతులూ ఆడవు.

వారంటీ కాగితాలు నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాను. ఒప్పందాలు చదవడం నా వృత్తి. ఏ కంపెనీది చూసినా అసలు హామీ రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. వాడిన సామగ్రిలోగానీ తయారీలోగానీ లోపం బయటపడితే బాగుచేస్తాం, లేదా మారుస్తాం. రెండిట్లో ఏది చెయ్యాలన్నది కంపెనీ ఇష్టం. వేసే భాగం కొత్తదే అయి ఉండాలని లేదు, బాగుచేసిన పాతదైనా వేయవచ్చు. ఆ తర్వాత పేజీలకు పేజీలు మినహాయింపులు. నీళ్లు పడితే లేదు, వోల్టేజీ తేడాలకు లేదు, పిడుగుకు లేదు, పురుగులు దూరితే లేదు, కింద పడితే లేదు, బయటివాళ్లు విప్పితే లేదు. లోపలున్న డేటా పోతే బాధ్యత లేదు. మెషీన్ ఆగినందువల్ల వ్యాపారంలో వచ్చిన నష్టానికి అసలే లేదు.

ఇప్పుడు మా ఊళ్లో కంప్యూటర్లు దేనివల్ల పోతాయో చూడండి. యార్డు దగ్గరి దుకాణంలో సీపీయూ మూత తీస్తే ముందు తుమ్ములొస్తాయి. ఫ్యాను రెక్కలకూ హీట్‌సింక్ సందుల్లోనూ మిర్చి దుమ్ము ఎర్రగా పేరుకుని ఉంటుంది. ఏప్రిల్ ఎండకు ఇక గాలి ఆడదు, ప్రాసెసర్ వేడెక్కి మెషీన్ దానంతటదే ఆగిపోతుంది. వానలు మొదలైతే అదే దుమ్ముకు చెమ్మ తగిలి బోర్డుకు అంటుకుపోతుంది. కరెంటు పోయి ఒక్కసారిగా ఎక్కువగా వస్తే ఎస్‌ఎంపీఎస్ కాలుతుంది. ఉరుముల రాత్రి నెట్ కేబుల్ తీయడం మరిచిపోతే లాన్ పోర్టు పోతుంది. కీబోర్డు మీద టీ ఒలుకుతుంది. వెచ్చగా ఉంటుందని బల్లులు దూరతాయి, చీమలు పుట్ట పెడతాయి, ఎలుకలు వైరు కొరుకుతాయి. ఇందులో ఒక్కటీ తయారీ లోపం కాదు. సర్వీస్ సెంటర్లో వీటన్నిటినీ కలిపి సీఐడీ అంటారు, కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్. జాబ్ షీట్ మీద ఆ మూడక్షరాలు పడ్డాయంటే వారంటీ గడువు ఎంత మిగిలి ఉన్నా డబ్బు మనమే పెట్టుకోవాలి.

దీనికి కంపెనీని తప్పుపట్టడం న్యాయం కాదు. మా ఎండకూ మా కరెంటుకూ మా దుమ్ముకూ ఎక్కడో ఫ్యాక్టరీ నడిపేవాడు పూచీ పడలేడు. అసలైన తయారీ లోపం వచ్చినప్పుడు వారంటీ చక్కగా పనిచేయడం కూడా చూశాను. నా ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ తెర మీద నిలువు గీత వచ్చింది. దానికి ఆన్‌సైట్ వారంటీ ఉంది. ఫోన్ చేశాక ఇంజనీరు కొత్త ప్యానెల్ పట్టుకుని మా ఆఫీసుకే వచ్చి, టేబుల్ మీదే మార్చి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. పైసా ఖర్చు లేదు. అందుకే వారంటీ లేని కొత్త మెషీన్ కొనొద్దంటాను. కొంచెం ఎక్కువ పెట్టైనా సరే, వ్యాపారానికి కొనేదైతే మూడేళ్ల ఆన్‌సైట్ తీసుకోమంటాను. ఆ వచ్చిన కుర్రాడిది ఏ ఊరని అడిగితే పక్కనే పొన్నూరన్నాడు. కంపెనీ ఉద్యోగి కాదు, కంపెనీ తరఫున సర్వీస్ చేసే సంస్థలో కాల్‌కింతని డబ్బు తీసుకునే మనిషి. విదేశీ పేరున్న కంపెనీ హామీ కూడా చివరికి మన జిల్లా కుర్రాడు బైకు మీద స్క్రూడ్రైవర్ల సంచి వేసుకుని వస్తేనే నెరవేరుతోంది. ఆ చేతులు ఊళ్లో లేకపోతే ఆన్‌సైట్ అన్న మాట కాగితం మీదే ఉండిపోతుంది.

ఈ చేతుల పని ఎంత నాణ్యమైనదో నాకు దగ్గరగా చూసే అవకాశం దొరికింది. ఒక కోల్డ్ స్టోరేజీవాళ్ల ల్యాప్‌టాప్ మార్చిలో ఆగిపోయింది. వారంటీ అప్పటికే అయిపోయింది. ఛార్జర్ పిన్ను పెట్టగానే ఛార్జర్ మీది లైటు ఆరిపోతుంది, తీస్తే మళ్లీ వెలుగుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో మదర్‌బోర్డు మార్చాలన్నారు. ముప్పై వేలకు పైగా ఎస్టిమేట్ ఇచ్చారు, బోర్డు రావడానికి రెండు వారాలన్నారు. వాళ్లు బోర్డు మీద చిప్ లెవెల్ పని చెయ్యరు. పాడైన బోర్డు మొత్తం తీసి కొత్త బోర్డు మొత్తం వేస్తారు, వాళ్లకున్న అనుమతి అంతవరకే. మేనేజరు దాన్ని అరండల్‌పేటలో ఒక మేడ మీది చిన్న షాపుకు తెచ్చాడు. లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి నన్నూ రమ్మన్నాడు.

ఆ షాపు నడిపే మనిషిని వయసుతో పని లేకుండా అందరూ అన్నయ్యా అనే పిలుస్తారు. ఆయన ముందు మనిషిని అడుగుతాడు, తర్వాతే మెషీన్ ముట్టుకుంటాడు.

“ఎప్పుడాగింది సార్? కరెంటు పోయి వచ్చిందా?”

“రాత్రి ఆపి వెళ్లాం అన్నయ్యా. పొద్దున ఆన్ కాలేదు.”

“వాసనేమన్నా వచ్చిందా? వేరే ఛార్జర్ ఏమన్నా పెట్టారా?”

“లేదు, దానితో వచ్చిన ఛార్జరే.”

“సరే, కూర్చోండి. టీ తాగేలోపు షార్టో కాదో చెప్తాను.”

స్క్రూలు ఎక్కడివి అక్కడ పెట్టడానికి ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసుకున్నాడు. తీసిన ప్రతి స్క్రూనూ ఆ బొమ్మలో దాని చోట ఉంచాడు. పొడవు స్క్రూ పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట బిగిస్తే అవతలివైపు గుచ్చుకుంటుందట. బోర్డు బయటికి తీసి, మల్టీమీటర్ బీప్ మీద పెట్టి, నల్ల ప్రోబును స్క్రూ రంధ్రానికి ఆనించి, ఎర్రదాన్ని ఛార్జింగ్ పిన్ను వెనకాల ఉన్న కాయిల్ మీద పెట్టాడు. మీటర్ కుయ్‌మంది. 19 వోల్టుల లైన్ ఎక్కడో నేరుగా గ్రౌండుకు తగులుతోంది. అది గ్రహించే ఛార్జర్ తనను తాను ఆపుకుంటోంది. చిక్కేమిటంటే ఆ లైన్ మీద భాగాలు చాలా ఉంటాయి, ఏ ఒక్కటి షార్టయినా మీటర్ అన్నిచోట్లా అలాగే కూస్తుంది. ఆయన బెంచి మీది పవర్ సప్లైని ఒక్క వోల్టుకు తగ్గించాడు. కరెంటు పరిమితి పెంచి, వైర్లు ఆ లైనుకు తగిలించాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను కుంచెతో బోర్డంతా పూశాడు. అంతా తడిగా మెరుస్తుండగా ఒక్క చోట మాత్రం చూస్తూ చూస్తూ ఆరిపోయింది. కరెంటంతా షార్టయిన భాగం గుండానే పోతుంది, వేడెక్కేదీ అదే, దాని మీది ఆల్కహాలే ముందు ఆవిరవుతుంది. అక్కడున్నది ఆవగింజంత సిరామిక్ కెపాసిటర్. హాట్ ఎయిర్ గన్ పెట్టి వేడి చేసి ట్వీజర్‌తో ఎత్తాడు. మళ్లీ మీటర్ పెడితే చప్పుడు లేదు. ఛార్జర్ పెడితే లైటు వెలుగుతూనే ఉంది.

అక్కడితో ఆపలేదు. ఆ లైన్ మీద అలాంటి కెపాసిటర్లు పక్కపక్కనే ఇంకా ఉన్నాయి కాబట్టి ఒకటి లేకపోయినా మెషీన్ నడుస్తుందని ఆయనే చెప్పాడు. అయినా పాత బోర్డుల డబ్బా తీసి, అదే సైజు, అదే వోల్టేజీది వెతికి, మీటర్‌తో కొలిచి, ఖాళీ చోట వేశాడు. “ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలి సార్,” అన్నాడు. పద్దెనిమిది వందలు తీసుకున్నాడు.

మెట్లు దిగుతూ మేనేజరు గొణిగాడు. రూపాయి ముక్కకు పద్దెనిమిది వందలా అని. ఈ మాట మా ఊళ్లో చాలామంది నోట విన్నాను, విన్నప్పుడల్లా బాధేస్తుంది. రిటర్నులో ఒక అంకె సరైన గడిలోకి మార్చినందుకు నేను ఫీజు తీసుకుంటే ఎవరూ ఏమనరు. ఆ అంకె ఎక్కడుండాలో తెలిసినందుకే డబ్బు ఇస్తున్నామని వాళ్లకు తెలుసు. మెకానిక్ దగ్గరికి వచ్చేసరికి సామాను ధరే అసలు ధర అనుకుంటారు, చెయ్యి పనిని ఉచితంలో కలిపేస్తారు. దాంతో మెకానిక్ ఏం చేస్తాడు? నిజం చెప్పి తక్కువ తీసుకుంటే బేరం ఆడతారని, బోర్డు మార్చానని చెప్పి ఎక్కువ తీసుకోవడం నేర్చుకుంటాడు. నిజాయితీగా పనిచేసేవాడికి కూలీ దక్కకపోతే బజారులో నిజాయితీ లేనివాడే మిగులుతాడు. ఊళ్లో మెకానిక్‌లు మోసం చేస్తారని ఫిర్యాదు చేసేవాళ్లు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

డబ్బు కన్నా పెద్ద విషయం డేటా. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు తాళం వేసుకునే వస్తోంది, విండోస్ దాన్ని బిట్‌లాకర్ అంటుంది. ఆ తాళం మదర్‌బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్పుతో ముడిపడి ఉంటుంది. బోర్డు మారిస్తే డిస్కు కొత్త బోర్డును గుర్తుపట్టదు, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉండవచ్చు. ఆ ఖాతా ఎవరి పేరుతో ఉందో, పాస్‌వర్డ్ ఏమిటో చెప్పగల యజమాని మా బజారులో అరుదు. మెషీన్ అమ్మిన షాపు కుర్రాడే ఖాతా తెరిచి ఉంటాడు. కీ దొరక్కపోతే డిస్కు చెక్కుచెదరకుండా ఉన్నా లోపలున్న లెక్కలు పోయినట్టే. కొన్ని పలుచటి మెషీన్లలో డిస్కు చిప్పులు బోర్డు మీదే అతికి ఉంటాయి. అలాంటివాటిలో బోర్డు మార్చడమంటే డేటాను కంపెనీ చెత్తబుట్టలోకి పంపడమే. పాత బోర్డునే బాగుచేస్తే ఈ గొడవేదీ లేదు, తాళం తీసినట్టు మెషీన్ తెరుచుకుంటుంది. కోల్డ్ స్టోరేజీవాళ్లకు ఆ రోజు దక్కింది ముప్పై వేలు ఒక్కటే కాదు. ఎవరి టిక్కీలు ఏ ఛాంబరులో ఉన్నాయో, ఏ రైతు ఎంత అప్పు తీసుకున్నాడో ఆ లెక్కంతా దక్కింది. దయచేసి బ్యాకప్ పెట్టుకోండి, రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. మెకానిక్ ఎంత గొప్పవాడైనా కాలిపోయిన డిస్కు చిప్పును వెనక్కి తేలేడు.

బోర్డు స్థాయిలో బాగుచేసే ఈ విద్య మన ఊళ్లకు కొత్తగా వచ్చింది కాదు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతటా మదర్‌బోర్డుల మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు తల ఉబ్బి, కారిపోయి చచ్చేవి. లోపలి ద్రావణం నాసిరకంది. ఆ దెబ్బకు డెల్ కంపెనీ 2005లో తన ఆప్టిప్లెక్స్ మెషీన్ల కోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సివచ్చింది. అదే కాలంలో మన జిల్లాల్లో అసెంబుల్డ్ మెషీన్లు వాడిన ఇంటర్నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు, కోచింగ్ సెంటర్లు ఎలా బతికాయి? టీవీ రిపేరు, రేడియో రిపేరు తెలిసిన మనుషులు సోల్డరింగ్ ఐరన్ తీసుకుని ఆ కెపాసిటర్లు ఒక్కొక్కటీ మార్చారు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి 1000 మైక్రోఫారడ్‌వి పొట్లాలుగా తెప్పించుకునేవాళ్లు. ర్యామ్ తీసి దాని బంగారు పూత అంచులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెడితే లేచిన మెషీన్లు ఎన్నో. తర్వాత సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెన్నోయ్ ట్రేడ్ సెంటర్ ఈ వ్యాపారానికి కేంద్రమైంది. ఇప్పటికీ సాయంత్రం ఫోన్ చేస్తే అక్కడ బస్సెక్కిన పార్సిల్ తెల్లారేసరికి గుంటూరులో ఉంటుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో భాగం కోసం రెండు వారాలు, ఇక్కడ ఒక రాత్రి.

ఇంత ఉపయోగపడే మనుషుల్ని మన వారంటీ కాగితం అనుమానంగా చూస్తుంది. స్క్రూ మీద చిన్న స్టిక్కర్ అంటించి, అది చిరిగితే వారంటీ లేదంటుంది. దుమ్ము దులిపించుకుందామన్నా, ర్యామ్ పెంచుకుందామన్నా భయపడాల్సిందే. అమెరికాలో ఇది చెల్లదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, తమ దగ్గరే సర్వీస్ చేయించుకోవాలని, తమ భాగాలే వాడాలని ఊరికే షరతు పెట్టి వారంటీని దానికి ముడిపెట్టడానికి వీల్లేదు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి స్టిక్కర్లు, షరతుల మీద ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాటిలో సోనీ, మైక్రోసాఫ్ట్, ఆసూస్ కూడా ఉన్నాయి.

మన దగ్గర ఈ న్యాయం ఎవరూ చెప్పలేదా అంటే, కార్ల విషయంలో చెప్పారు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు పుస్తకాలు, పరీక్షించే పరికరాలు బయటి మెకానిక్‌లకు దక్కనివ్వకుండా చేసినందుకు. కేసు అప్పీళ్లకు వెళ్లింది. నాకు ముఖ్యమనిపించింది జరిమానా అంకె కాదు, కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి. బయటి మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన మొత్తం వారంటీ రద్దని గుండుగుత్తగా షరతు పెట్టకూడదంది. నిజంగా ఆ మెకానిక్ పనివల్ల చెడిపోతే అది వేరే సంగతి. దుమ్ము దులిపినవాడికీ డిస్‌ప్లే గీతకూ సంబంధం ఏముంది? కారుకు వర్తించిన న్యాయం కంప్యూటర్‌కు ఎందుకు వర్తించకూడదో ఎవరైనా నాకు చెప్పాలి.

అమెరికా నుంచి వచ్చే మెషీన్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గుంటూరు జిల్లాలో ఇది ఇంటింటి కథ. కొడుకో కూతురో సెలవులకు వస్తూ అమ్మానాన్నల కోసం ల్యాప్‌టాప్ తెస్తారు. అక్కడ చవక, మోడల్ కొత్తది. పాడయ్యాక తెలుస్తుంది, కొన్ని మోడళ్లకు వారంటీ కొన్న దేశానికే పరిమితమని, కొన్నిటికి ముందే దేశం మార్పు నమోదు చేసుకోవాలని, ఇక్కడ అమ్మని మోడలైతే భాగాలే లేవని. ప్రాసెసర్లలో కూడా ఇదే గొడవ నడిచింది. ఇండియాలో తమ అధీకృత పంపిణీదారుల నుంచి కొన్న బాక్స్ ప్రాసెసర్లకే ఇక్కడ వారంటీ అని ఇంటెల్ 2016లో పెట్టిన నిబంధన మీద 2019లో కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. పిల్లలకు నేను చెప్పేది ఒకటే. డబ్బు పంపండి, మెషీన్ ఇక్కడే కొంటాం. తేవాలనే ఉంటే ర్యామ్, డిస్కు, బ్యాటరీ స్క్రూడ్రైవర్‌తో మార్చుకోగలిగే మోడల్ చూసి, ఆ మోడల్ సర్వీస్ పుస్తకం నెట్‌లో దొరుకుతుందో లేదో చూసి తేండి. డెల్, హెచ్‌పీ, లెనోవోలు చాలా మోడళ్లకు ఆ పుస్తకాలు అందరికీ తెరిచే పెట్టాయి. అది మంచి పని. మా మెకానిక్ అన్నయ్య వాటిని ప్రింట్ తీసి బైండు చేయించి అలమరలో పెట్టుకున్నాడు.

మెషీన్లు మాత్రం రోజురోజుకూ విప్పడానికి వీల్లేకుండా వస్తున్నాయి. ర్యామ్ బోర్డుకు అతికే వస్తోంది, బ్యాటరీని జిగురుతో అంటిస్తున్నారు, కొన్నిటిలో కొత్త భాగం వేస్తే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. 2025 మేలో మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో చెప్పే సూచిక మీద ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది. ఇవి సరైన దిక్కుకే వెళ్తున్నాయి. కానీ అరండల్‌పేట మేడ మీదికి ఒక ఛార్జింగ్ ఐసీ న్యాయమైన ధరకు, అసలైనది, బిల్లుతో దొరికే రోజు వస్తేనే హక్కు వచ్చినట్టు. ఇప్పుడు అన్నయ్య దాన్ని చచ్చిన బోర్డు నుంచి పీకి వేస్తున్నాడు.

ఊరి మెకానిక్‌లందరూ మంచివాళ్లని నేను అనను. మంచి ర్యామ్ తీసి తక్కువది పెట్టినవాళ్లను ఎరుగుదును. ఒరిజినల్ అని చెప్పి నకిలీ అడాప్టర్ ఇస్తారు. అది ల్యాప్‌టాప్‌ను కాల్చితే పట్టించుకోరు. దొంగ విండోస్ ఎక్కించి, దానితోపాటు వైరస్ కూడా పంపుతారు. అన్నిటికన్నా ఘోరం, బాగుచెయ్యమని ఇచ్చిన మెషీన్లో ఫోటోలు తెరిచి చూడటం. ఆడపిల్లల ల్యాప్‌టాప్‌లు ఇవ్వడానికి తల్లిదండ్రులు భయపడేది అందుకే, ఆ భయంలో న్యాయం ఉంది. వారంటీకి ఇక్కడే ఒక పైచెయ్యి ఉంది, అక్కడ కాగితం ఉంటుంది. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మన ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. బిల్లు ఇచ్చే ఊరి మెకానిక్ మీద కూడా ఈ చట్టం ఇలాగే పనిచేస్తుంది. కానీ మనమే బిల్లు వద్దంటాం. బిల్లు లేకపోతే కొంచెం తగ్గిస్తారా అని అడిగేది మనమే. అలా మన రక్షణను మనమే వదులుకుని, తర్వాత ఆయన్ని తిడతాం.

అందుకని నా క్లయింట్ల చేత కొన్నేళ్లుగా ఒక పని చేయిస్తున్నాను. వారంటీ ఉన్నా లేకపోయినా ఊళ్లోని మెకానిక్‌తో ఏడాది నిర్వహణ ఒప్పందం, అంటే ఏఎంసీ రాసుకోమంటాను, ఏడాదికింతని ముందే మాట్లాడుకుని మూడు నెలలకోసారి చెల్లించమంటాను. ఏమీ చెడిపోని నెలల్లో కూడా డబ్బు ఇవ్వడమెందుకని మొదట్లో అందరూ అడిగారు. ఆ నెలల్లోనే ఆయన షాపు అద్దె కట్టాలి, హాట్ ఎయిర్ స్టేషన్ కొనుక్కోవాలి, ఐటీఐలో హార్డ్‌వేర్ చదివి వచ్చిన కుర్రాడికి జీతమిచ్చి పక్కన కూర్చోబెట్టుకోవాలి. చెడిపోయినప్పుడు మాత్రమే డబ్బిస్తే, మనకు చెడిపోయే రోజుకు ఆయన షాపు మూసి ఇంకో పని చూసుకుంటాడు. సోల్డరింగ్ తెలిసిన కుర్రాళ్లు అలా డెలివరీ బైకులెక్కడం ఇప్పటికే చూస్తున్నాం.

ఆ ఒప్పందం ఒక పేజీ, నేనే రాస్తాను. వేసిన ప్రతి భాగానికీ బిల్లు ఇవ్వాలి. తీసిన పాత భాగం కవర్లో పెట్టి యజమానికి ఇవ్వాలి. చేసిన పనికి మూడు నెలల పూచీ రాసివ్వాలి. డేటా కాపీ తీస్తే యజమాని ముందే తీసి, పని అయ్యాక ఆయన ముందే చెరపాలి. ల్యాప్‌టాప్ వారంటీలో ఉంటే విప్పకూడదు, కంపెనీకి ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు తీసుకునే పని కూడా మెకానిక్‌దే, ఎందుకంటే లోపం ఏమిటో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగేది ఆయనే. యార్డు సీజన్లో ఫోన్ చేసిన రోజే రావాలి. రాలేకపోతే ఆ రోజుకు ఒక మెషీన్ అరువివ్వాలి. అన్నయ్య మొదటిసారి ఇది చదివి, అరువు మెషీన్ షరతు దగ్గర ఆగి, షాపులో మూల పడి ఉన్న రెండు పాత డెస్క్‌టాప్‌ల వైపు చూసి, వాటికి ఎస్‌ఎస్‌డీలు వేయాలి, అందుకు మొదటి విడత డబ్బు ముందే ఇప్పించగలరా అని అడిగాడు. ఇప్పించాను.